ఏడుపు రాని పెళ్లికూతురు, వదులైన నాలుగో తీగ

పింకీ, నువ్వు పుణె నుంచి పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఏ గిటార్ కొనాలి, థియరీ తప్పదా, ముందు ఏ పాట నేర్చుకోవాలి అని అడిగావు. వెనక నుంచి మీ తమ్ముడు బబ్లూ "ముందు చెవుల్లో పెట్టుకునే దూది ఎక్కడ దొరుకుతుందో అడగవే" అనడం కూడా వినిపించింది. వాడికి చెప్పు, అమ్మమ్మకు పోయింది మోకాళ్లే, చెవులు కాదు.

మీ అమ్మ మీకు నా పని గురించి ఏం చెప్పిందో తెలియదు. "మీ అమ్మమ్మ పెళ్లిళ్లలో గిటార్ వాయించేది" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటుంది. నిజమే. జనగామలో ఒక ఆర్కెస్ట్రాలో చేరి, మోకాళ్లు స్టేజీ మెట్లు ఎక్కనని మొరాయించేదాకా వాయించాను. పెళ్లిళ్లు, గణపతి మండపాలు, ఓణీల ఫంక్షన్లు, ఒకసారి బోరు బావిలో నీళ్లు పడ్డాయని పెట్టుకున్న విందు. నాది మొదటి నుంచీ మెల్లటి గొంతు. మైకు ముందు మాట్లాడితే మైకు ఆపేశారా అని జనం అడిగేవాళ్లు. ఆ గొంతుతో పాట పాడే ఆశ లేదు కాబట్టే గిటార్ పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ దారిలోకి నువ్వు వస్తానంటున్నావు. రా. కానీ కొన్ని సంగతులు విని రా.

బల్లి కాపురం ఉన్న గిటార్

మీ తాత మొదట్లో భూపాలపల్లిలో పని చేసేవాడు, బొగ్గు బాయిలో. మా వైపు గనిని బాయి అంటారు. అక్కడి క్లబ్బులో గోడకు ఒక గిటార్ వేలాడేది. ఎవరో ఇంజనీరు బదిలీ మీద పోతూ వదిలేశాడట. దాని పొట్ట మీది గుండ్రటి రంధ్రంలో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి, అలంకారంగా పెట్టుకున్నారు. పాత సామాను పారేస్తున్నారని తెలిసి మీ తాత దాన్ని క్వార్టర్‌కు మోసుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"సితార."

"సితారకు గింత పొట్టుంటదా?"

"మంచిగ తిన్న సితార గావచ్చు. నీకు నచ్చకపోతె పూలకుండీ లెక్క పెట్టుకో."

గులాబీలు పీకేసి తీగ మీద వేలు వేశానో లేదో, లోపలి నుంచి ఒక బల్లి బయటికొచ్చి నా చేతి మీదుగా పరుగు తీసింది. మా అత్త క్యాలెండర్ వెనక్కి తిప్పి, బల్లి ఏ చేతి మీద పడితే ఏ ఫలమో చూసి, "ప్రయాణాలున్నయే నీకు" అంది. ఆ మాట మాత్రం తప్పలేదు. మీ తాత నడుము నొప్పితో బాయి పని మాని జనగామలో కిరాణా కొట్టు పెట్టుకున్నాక, ఆర్కెస్ట్రా ట్రాలీ ఆటోలో సౌండ్ డబ్బాల మీద కూర్చుని నేను తిరగని మండలం లేదు.

కాబట్టి మొదటి గిటార్ గొప్పది కానక్కర్లేదు. బల్లి లేకపోతే చాలు. అంగట్లో రంగు చూసి మోసపోకు. పొడుగాటి మెడను కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు అటు చివర దాకా చూడు. వంకర ఉంటే వదిలెయ్. తీగలకూ చెక్కకూ మధ్య సందు మరీ ఎక్కువ ఉంటే నీ వేళ్లు పచ్చడవుతాయి, పది రోజుల్లో గిటార్ మంచం కిందికి పోతుంది. మెడ మీద అడ్డంగా ఉండే ప్రతి మెట్టు దగ్గరా ఒక్కో తీగ నొక్కి మీటు, ఎక్కడైనా జుయ్యిమంటే ఆ గిటార్‌ను కొట్టువాడికే దీవించి ఇచ్చెయ్. కరెంటుది ఇప్పుడే వద్దు. దానికి వేరే సౌండ్ డబ్బా కావాలి, ఆ తర్వాత బబ్లూకు వేరే ఇల్లు కావాలి.

తీగల సెట్టు ఒకటి అదనంగా ఎప్పుడూ సంచిలో ఉంచుకో. ఇది మా ఐలయ్య మాస్టర్ పుణ్యమా అని నేర్చుకున్నాను. ఆయనే మా ఆర్కెస్ట్రాకు పెద్ద, కీబోర్డు వాయించేవాడు, ఊరు రఘునాథపల్లి. మనిషి బంగారం. కానీ ఏ వస్తువు చెడిపోయినా తానే బాగు చేయగలనన్న నమ్మకం ఒకటి ఉండేది. ఒకసారి దేవరుప్పులలో ప్రోగ్రాం మొదలయ్యే ముందు నా గిటార్ లావు తీగ తెగింది.

"నువ్వు పరేషాన్ గాకు వినోదమ్మా, తీగంటె తీగే గద" అని మాస్టర్ తన స్కూటర్ క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి కట్టాడు.

"మాస్టర్, ఇది గట్టిగున్నది, చెక్క ఊడుతదేమో."

"ఊడదు. నా స్కూటరే ఆగింది దీనికి, నీ గిటారెంత?"

రెండో పాటలో తీగలు పట్టి ఉంచే చెక్క ముక్క ఫట్‌మని లేచి, ముందు వరుసలో కూర్చున్న సర్పంచ్ గారి ఒళ్లో పడింది. ఆయన అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు క్లచ్ లేని స్కూటర్‌ను మాస్టర్ జనగామ దాకా ట్రాలీలో ఎక్కించుకొచ్చాడు. దారి పొడుగునా నేను ఆయన వైపు చూడలేదు, నవ్వు ఆగదని.

థియరీ అంటే ఒక ఇంటి సంసారం

థియరీ తప్పదా అని అడిగావు. తప్పదు. కానీ భయపడాల్సినంత లేదు. నాకు క్వార్టర్లలో గిటార్ నేర్పిన చర్చి టీచరమ్మ పుస్తకం తెరిచి చెప్పింది, నాకు ఎక్కలేదు. తర్వాత నాకు నేనే సంసారంలా అర్థం చేసుకున్నాను.

జి అనే కార్డ్ ఉంది కదా, కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది, అది నీ ఇల్లు. సి అంటే పక్కింటికి పోయి ముచ్చట పెట్టడం. హాయిగానే ఉంటుంది, కానీ ఎంతసేపని ఉంటావు? డి అంటే గడపలో నిలబడి "ఇంటికి రావా" అని పిలిచే అత్తగారు. డి మోగిందంటే ఇంటికి పోయేదాకా చెవికి నెమ్మది ఉండదు. ఇ మైనర్ అలిగి మూలన కూర్చున్న ఆడబిడ్డ. ఈ నలుగురితో సగం సినిమా పాటలు గడిచిపోతాయి. పాడేవాళ్లు "అక్కా, నాకు జర పైకి పెట్టు" అంటే ఇల్లంతా ఎత్తి పై మెట్టు మీద పెట్టే క్లిప్పు ఒకటుంటుంది, కేపో అంటారు. అది కొనుక్కో. ఎఫ్ అనే కార్డ్ ఒకటి ఎదురవుతుంది, చూపుడు వేలితో ఆరు తీగలూ నొక్కి పట్టమంటుంది. అది అందరినీ ఏడిపిస్తుంది. దాన్ని చూసి గిటార్ అమ్మేసినవాళ్లు నాకు తెలుసు. నేను కేపో పెట్టుకుని చాలా ఏళ్లు దాని వీధిలోకే పోలేదు, ఎవరూ కనిపెట్టలేదు.

ఒక్క మాట మాత్రం నమ్మకు. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే ఏడుపు అని ఫోన్లో వీడియోలు చూపిస్తారట. మా మాస్టర్ కూడా అదే అనేవాడు. అది ఎంతవరకు నిజమో మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో తేలిపోయింది. పాటల సంగతి కూడా అక్కడే ఉంది కాబట్టి నీ మూడో ప్రశ్నకూ జవాబు అందులోనే చెప్తాను.

ఏ పాట ముందు

చిన్న జవాబు కావాలంటే, బతుకమ్మ పాట. స్వరాలు తక్కువ, చప్పట్ల మీద నడుస్తుంది, ఇంట్లో అందరికీ వచ్చు. నువ్వు తప్పినా మీ అమ్మ నిన్ను దాటుకుని పాడుకుంటూ పోతుంది, నువ్వు పరుగెత్తి అందుకోవాలి. ఫోన్‌తో కలిపి వాయించకు. ఫోన్ ఊపిరి తీసుకోదు. మనిషితో వాయించు.

పెద్ద జవాబు ఇదీ.

ఆ తండాలో పెళ్లి పగటి పూట అయింది. భోజనాలయ్యాయి, మధ్యాహ్నం దాటాక అమ్మాయిని ట్రాక్టర్‌లో పంపిస్తారు. లంబాడా వాళ్లలో ఒక పద్ధతుంది. పోయే ముందు పెళ్లికూతురు తన వాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని 'ఢావ్లో' అనేది పాడుతుంది. అది పాటా అంటే పాటే, ఏడుపా అంటే ఏడుపే. మాటలు ఎవరూ రాసిచ్చినవి కావు, ఆ అమ్మాయే తన భాషలో అప్పటికప్పుడు కట్టుకోవాలి. ఎట్లా ఎత్తుకోవాలో, ఎక్కడ విరవాలో పెద్ద ఆడవాళ్లు ముందు నుంచే నేర్పుతారు.

నేను షామియానా కింద గిటార్ శ్రుతి చేసుకుంటుంటే ఒక చిన్న పిల్ల వచ్చి, పెళ్లికూతురు పిలుస్తోందని గదిలోకి తీసుకుపోయింది. అమ్మాయి పేరు అనిత. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంది. నన్ను చూడగానే తలుపు దగ్గరికేసింది.

"అక్కా, నీ పేరేంది?"

"వినోద."

"వినోదక్కా, నాకు ఏడుపొస్తలేదు."

"రాకపోతె మంచిదే గద బిడ్డా."

"ఏం మంచిదక్కా! జర సేపైతె ట్రాక్టరొస్తది, నేను ఢావ్లో ఎత్తుకోవాలె. ఏడ్వకుంట పాడితె పాఠం అప్పజెప్పినట్టుంటది." కిటికీ వైపు చూపించింది. "గా మిర్చి చేను అవుతల కనబడ్తలేదా, గదే పిలగాని తండా. వాళ్ల బర్రె మొత్తుకుంటె మాకినబడ్తది. ఏమని ఏడ్వాలె?"

"పిలగాడు ఇష్టమేనా?"

సిగ్గుపడుతుందనుకున్నాను. "మస్తిష్టం. గదే గద పరేషాన్" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ సక్రి, ఆ తండాలో ఆడపిల్లలందరికీ ఢావ్లో నేర్పిన మనిషి.

"ఎవలి పెండ్లయినా మా దాదీనే ముందుండి పాడిపిస్తది. ఆమె మనుమరాలే ఎండుకండ్లతోటి పోయిందనుకో, ఇగ ఆమె మాట ఎవలింటరక్కా? హాస్టల్ల ఉండి నేనేం నేర్సుకోలె. ఆమె ఏం అన్లె నన్ను. అననందుకే నాకు భయం."

"నన్నేం జెయ్యమంటవ్ మరి?"

"సినిమాల ఏడిసే సీన్ల గిటార్ కొడ్తరు గద. గట్ల జర కొట్టు. రెండు సుక్కలొస్తె సాలు, తర్వాత నేను జూస్కుంట."

ఎ మైనర్ కార్డ్ పట్టి, ఒక్కో తీగా మెల్లగా మీటాను. అనిత కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది, ఇంజెక్షన్ కోసం దవాఖానలో కూర్చున్నట్టు.

"వస్తున్నయా?"

"నిద్రొస్తుందక్కా."

ఇ మైనర్‌కు మారాను. ఈలోగా ఐలయ్య మాస్టర్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఓ వినోదమ్మా, గాడ జనం కూసున్నరు, గీడేం జేస్తున్నవ్?" సంగతి చెప్పాను. ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

"ఇ మైనరేం సరిపోతది? డి మైనర్ కొట్టు. గది గుండెకాయను పిండుతది."

కొట్టాను. గదిలో నిజంగానే ఒకరి కళ్లు తడిశాయి. మాస్టర్‌వి. భుజం మీది తువ్వాలతో తుడుచుకుంటూ, "మా పెద్ద బిడ్డ యాదికొచ్చింది" అన్నాడు.

"మీ పెద్ద బిడ్డ మీ ఇంట్లనే ఉంటది గద మాస్టర్. అల్లుడు ఇల్లరికమొచ్చిండు గద."

"గందుకే ఏడుస్తున్న."

అనిత పకపకా నవ్వింది. ఉన్న ఆశ కూడా పోయింది. బయట ట్రాక్టర్ చప్పుడైంది.

"నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా" అన్నాడు మాస్టర్. "నేను కీబోర్డుల వాయిలిన్ పెడ్త, పెద్ద డబ్బాలకెల్లి ఒదుల్త. నువ్వు మొకం దాసుకో. జనమే ఏడుస్తరు, నువ్వు ఏడిసినట్టే ఉంటది."

మాస్టర్ ఏదైనా బాగు చేస్తానంటే నాకు సర్పంచ్ గారి ఒడి గుర్తొస్తుంది. వద్దు మాస్టర్ అన్నాను. నా గొంతు సంగతి తెలుసు కదా, ఆయనకు వినపడలేదు.

షామియానా కింద ఆడవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. అనిత దాదీ మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టుకుంది. సక్రి దాదీ సన్నటి మనిషి, మోచేతుల దాకా తెల్లటి గాజులు. మనవరాలి వీపు మీద చెయ్యేసి ఎదురు చూస్తోంది. మాస్టర్ కళ్లజోడు పైకి నెట్టి బటన్ నొక్కాడు.

వాయిలిన్ కాదు, డిస్కో దరువు మొదలైంది.

పిల్లలు క్షణం ఆగకుండా ఎగరడం మొదలుపెట్టారు. ట్రాక్టర్ దగ్గర నిలబడ్డ మగపెళ్లివారిలో ఒకాయన రుమాలు విప్పి ఊపాడు. మాస్టర్ ఏ బటన్ నొక్కితే ఆ దరువు ఇంకా పెరుగుతోంది. చివరికి వైరు పీకేశాడు. అది ఆగేసరికి వినిపించింది ఒక్కటే చప్పుడు, దాదీ భుజం మీద అనిత నవ్వు.

అదీ ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. అనిత "దాదీ" అని ఎత్తుకుంది, అక్కడే చిక్కుపడింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే. నా పక్కనున్న ఒక ఆడమనిషి మూతి తిప్పింది. "సదువుకున్న పిల్ల గద. ఇంగిలీషుల ఏడుస్తదేమో."

ఆ మాట సక్రి దాదీకి వినబడే ఉంటుంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మనవరాలి తల తన మెడలోకి అదుముకుని, తానే ఎత్తుకుంది. పోయే పిల్ల పాడాలి గానీ ఉండే ముసలామె కాదు. పద్ధతి కాదని చుట్టూ గుసగుసలు లేచాయి. ఆమె ఆపలేదు.

నాకు వాళ్ల భాష రాదు. మూతి తిప్పిన ఆమెనే అడిగాను. "ఏమంటున్నదక్కా?"

"హాస్టల్‌కు పోయేనాడు సద్ది నా చేతిలనే మర్సి బస్సెక్కినవ్, నేను బస్సెన్క ఉరికిన అంటున్నది."

"ఇప్పుడు?"

"నా చెప్పులేసుకపోయి ఒక్కటే తెచ్చినవ్, రెండోదేదే అంటున్నది."

అనిత భుజాలు అదురుతున్నాయి. నవ్వుకే. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వుతున్నారు. దాదీ పాడుతూనే ఉంది, ఒక్కో తప్పూ ఏకరువు పెడుతూ, అంత దిగులు రాగంలో.

పింకీ, ఎవరు పాడుతున్నా నా చెయ్యి ఊరుకోదు. వాళ్ల గొంతు ఎక్కడుందో తీగ మీద వెతుకుతుంది. ఇన్నేళ్ల పనిలో నాకు నిజంగా వచ్చింది అదొక్కటే. దాదీ గొంతు ఏ మెట్టు మీదా లేదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంది. నాలుగో తీగను బిగించే మరను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోయాను, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా. ఒకచోట ఆ తీగ, ఆ గొంతు ఒకటైపోయాయి.

సరిగ్గా అప్పుడే దాదీకి ఊపిరి అందలేదు. మాట సగంలో ఉంది. నోరు తెరిచే ఉంది, గొంతు రావడం లేదు. ఆ తండాలో ఎవరూ ఆమె గొంతు ఆగిపోవడం వినలేదట ఎప్పుడూ. నవ్వులన్నీ చల్లారాయి.

నా బొటనవేలు ఆ తీగ మీద పడింది. కార్డ్ లేదు, మైనరూ మేజరూ లేవు. ఒక్క తీగ. దాదీ వదిలేసిన చోటే అది మోగుతూ నిలబడింది.

అనిత తలెత్తి దాదీ ముఖం చూసింది. మాట కోసం వెతుక్కుంటున్న ఆ నోరు చూసింది. చూసి, దాదీ ఆపిన సగం మాట దగ్గర నుంచి తాను అందుకుంది. రెండు మాటలు బాగానే వచ్చాయి. మూడో మాట తడిసింది. ఆ తర్వాత ఇక ఎవరూ ఏమీ చేయాల్సిన అవసరం రాలేదు. అనిత పాడుతుంటే దాదీ ఊపిరి అందుకుంది, దాదీ ఎత్తుకుంటే అనిత వెక్కింది, ఇద్దరికీ గొంతు రానప్పుడు నేను ఆ తీగ మీటాను. వాళ్లు తిరిగి వచ్చేదాకా స్వరం చెడకుండా కాపలా కాయడమే నా పని.

"ఇప్పుడేమంటున్నదక్కా?" అని పక్కామెను అడిగాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కాబట్టి అనిత ఏం పాడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అనిత ఆపడం లేదు. అమ్మను పట్టుకుని పాడింది, నాయనను, అన్నను, వంటవాళ్లలో ఒకామెను, చివరికి ఐలయ్య మాస్టర్‌ను కూడా పట్టుకుంది. ట్రాక్టర్ పక్కన పెళ్లికొడుకు నా దగ్గరికి జరిగాడు.

"అక్కా, జర ఆపుమనరాదు. నాగ్గూడ వచ్చేటట్టున్నది."

సక్రి దాదీయే అనిత ముక్కు తన ఓఢ్నీ కొంగుతో తుడిచి గదమాయించింది, అందరికీ తెలిసేలా తెలుగులోనే. "సాలు తియ్! పొద్దటికెల్లి ఒక్క సుక్క రాలె, ఇప్పుడు ఆపుతలెవ్వు. పో, అవుతలోల్లు అన్నానికి కూసుంటరు." ఆ కోపమంతా గర్వమేనని చూసినవాళ్లందరికీ తెలిసింది. మూతి తిప్పినామె తన చిన్న కూతురిని దాదీ పక్కకు నెట్టి, "దీనికి గూడ నేర్పాలె అవ్వా, ఇప్పట్నుంచే" అంది.

ట్రాక్టర్ కదిలి మిర్చి చేను గట్టు మీదికెక్కింది. దాదీ వచ్చి నా పక్కన డబ్బా మీద కూర్చుంది.

"బిడ్డా, గా తీగను ఇంకోసారి కొట్టు."

కొట్టాను. ఆమె పెదవులు మూసుకునే దానితో కలిసి గొణిగింది, చూపు చేను అవతలే.

మాస్టర్ కీబోర్డు వైరు మళ్లీ గుచ్చుతూ అరిచాడు. "వినోదమ్మా, నాలుగో తీగ వదులైంది, బిగియ్యి! డ్యాన్సు పాట ఎత్తుకోవాలె, పిలగాండ్లు లొల్లి జేస్తున్నరు."

"ఐదు తీగల్తోనే వాయిస్త మాస్టర్" అన్నాను. ఈసారి ఆయనకు వినబడింది.

డ్యాన్సు పాటలన్నీ ఆ తీగ ముట్టకుండానే వాయించాను. దాదీ నా పక్కనే కూర్చుంది. అవతలి తండా దగ్గర ట్రాక్టర్ ఆగడం, దాని మీద నుంచి ఎర్రగా ఒకటి దిగడం ఇక్కడికి కనిపించింది. దాదీ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత నా మోకాలి మీద తట్టింది.

"దిగింది. ఇగ బిగియ్యి బిడ్డా."